లేవని ల్యాప్‌టాప్ పద్యం: టీకా తాత్పర్య విశేషసహితం

మూలం

తే.గీ.
క్రొత్త సిస్టము నెక్కించి కూర్చునుండ
నల్లతెర మీద నొకగీత నాట్యమాడె
బూటు పరికర మగుపడబోదటంచుఁ
బలికె యంత్రమ్ము, దిక్కింక బ్యాకపౌనె?

అవతారిక

శాస్త్రగ్రంథానికి నాలుగు అనుబంధాలు ముందే చెప్పాలంటారు పెద్దలు. విషయం: నిన్న సాయంత్రం దాకా నిక్షేపంగా పనిచేసి, విండోస్ 10 మీద 11ని ఎక్కించిన రాత్రి నుంచి లేవని ల్యాప్‌టాప్. ప్రయోజనం: అందులో ఉన్న పెళ్లి ఫొటోలు, ఇన్‌కమ్ టాక్స్ కాగితాలు, పిల్లవాడి ప్రాజెక్టు రిపోర్టు బయటపడటం. ల్యాప్‌టాప్ లేవడం ఆ తర్వాతి ముచ్చట. సంబంధం: చెప్పిందానికీ జరిగేదానికీ ఎంత ఉంటుందో అంత. అధికారి: ఇంట్లో ఇంకో కంప్యూటరూ, ఖాళీ చేయడానికి అభ్యంతరం లేని 8 జీబీ పెన్‌డ్రైవూ ఉన్నవాడు. అవి లేనివారు కూడా చదువుకోవచ్చు. వారికి కావ్యానందం దక్కుతుంది, ఫైళ్లు దక్కవు.

కవి పేరు తెలియదు గానీ కాలం ఊహించవచ్చు. 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. 2021 అక్టోబరులోనే వచ్చిన 11ని నాలుగేళ్లపాటు ‘రేపు చూద్దాం’ అంటూ గడిపినవాళ్లు ఆ తేదీకి అటూ ఇటూగా ఆదరాబాదరా ఎక్కించుకున్నారు. పద్యంలోని ఆయాసం చూస్తే మన కవి ఆ కోవలోవాడే.

ప్రతిపదార్థం

క్రొత్త సిస్టమున్ = కొత్త ఆపరేటింగ్ సిస్టమును (ఎవరూ పిలవకపోయినా గడియారం పక్కన వచ్చి నిలబడినదానిని అని ధ్వని); ఎక్కించి = ఇన్‌స్టాల్ చేసి; కూర్చునుండ = ఎదురుచూస్తూ కూర్చుని ఉండగా; నల్లతెర మీదన్ = వెలుగు లేని తెర మీద; ఒక గీత = కర్సరు; నాట్యమాడెన్ = ఆరుతూ వెలుగుతూ ఉండెను; బూటు పరికరము = మొదలుపెట్టడానికి ఆధారమైన డిస్కు; అగుపడబోదు + అటంచున్ = కనబడదంటూ; యంత్రమ్ము = ల్యాప్‌టాపు; పలికెన్ = చెప్పెను; ఇంక = ఇకమీదట; దిక్కు = శరణు; బ్యాకపు + ఔనె = బ్యాకప్పేనా?

తాత్పర్యం

కొత్త సిస్టం ఎక్కించి కూర్చుంటే నల్లతెర మీద కర్సరు ఆడుతోంది. డిస్కు కనబడటం లేదని యంత్రం అంటోంది. ఇక బ్యాకప్పే దిక్కా?

విశేషాలు

మూలంలో లేనిదీ, అక్కర లేనిదీ రాయనని కొలిచెలమ మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. మెదక్ సీమ నుంచి కాళిదాసుకు వ్యాఖ్య రాసిన మహానుభావుడు, ఆయనకు చెల్లింది. ల్యాప్‌టాప్ విషయంలో మూలం చెప్పేది ఎప్పుడూ అరకొరే గనక ఈ వ్యాఖ్యాత ఆ నియమం పాటించలేడు.

‘కూర్చునుండ’. ఎంతసేపు? కవి చెప్పలేదు, చెప్పి ఉండాల్సింది. అప్‌గ్రేడ్ మధ్యలో యంత్రం తనంతట తాను ఆగి మళ్లీ మొదలవడం రోగం కాదు, విధానమే. అంకె ఒకే శాతం దగ్గర గంటసేపు నిలబడిపోయినా డిస్కు దీపం మిణుకుమంటున్నంత సేపూ పవర్ బటన్ జోలికి పోరాదు. సగం రాసిన సిస్టం అటు పాతదీ కాదు, ఇటు కొత్తదీ కాదు. దీపం ఆరిపోయి, ఫ్యాను చప్పుడు కూడా మారకుండా గంటలు గడిచాకే బలవంతంగా ఆపడం. అప్పుడైనా ముందు ప్రింటరు, డాంగిల్, మెమరీ కార్డు, మర్చిపోయి గుచ్చి ఉంచిన పెన్‌డ్రైవు అన్నీ పీకేయాలి. ఈ చివరిదాన్ని పీకగానే రోగం నయమైన ఇళ్లు ఉన్నాయి. వారికి మిగతా టీక అనవసరం.

‘ఒకగీత నాట్యమాడె’. అచేతనమైన గీత మీద నర్తకి వ్యవహారం ఆరోపించాడు గనక సమాసోక్తి. అలంకారం మాట ఎలా ఉన్నా ఇక్కడ కవి నిశితమైన చూపు మెచ్చుకోవాలి. గీత అన్నాడు, బాణం అనలేదు. నల్లతెర మీద మౌసు బాణం కనబడి, వేలు కదిపితే కదిలితే, విండోస్ దాదాపుగా లేచినట్టే. లోపం తెరను నడిపే గ్రాఫిక్స్ డ్రైవరుదో, డెస్క్‌టాప్‌ను గీసే ప్రోగ్రాందో. విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి అనే నాలుగు మీటలు కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవరు మళ్లీ మొదలవుతుంది, ఒక్కోసారి తెర వచ్చేస్తుంది. గీత మాత్రమే ఎడమ మూలన ఆడుతుంటే కథ ఇంకా మొదట్లోనే ఆగింది.

నవ్యులు కొందరు ‘నల్లతెర’ అంటే విండోస్ ఆగిపోయినప్పుడు వచ్చే తెరే అంటారు. 2012లో విండోస్ 8తో విచారముఖం తగిలించుకున్న ఆ నీలితెర, 2025లో విండోస్ 11లో ముఖం పోగొట్టుకుని నల్లబడిన మాట నిజమే. కానీ ఆ తెర మీద గీత ఆడదు. కనుక ఈ అర్థం పొసగదు.

‘పలికె యంత్రమ్ము’. ఈ పద్యానికి ఆయువుపట్టు ఇక్కడ ఉంది. యంత్రం పలికింది సరే, యంత్రంలో ఎవరు? వ్యాకరణంలో కర్త తేలనిదే వాక్యం కదలదు. ఇక్కడ కర్త తేలనిదే చికిత్స కదలదు. పవర్ బటన్ నొక్కింది మొదలు పాస్‌వర్డ్ అడిగే తెర వచ్చేదాకా అధికారం ముగ్గురి చేతులు మారుతుంది, ఎవరి చేతిలో ఉండగా ఆగిందో వారే మాట్లాడతారు.

మొదటివాడు ఫర్మ్‌వేర్. 1981 నాటి ఐబీఎం పీసీ కాలం నుంచి బయాస్ అని పిలిచాం, ఇప్పటి యంత్రాల్లో ఉన్నది యూఈఎఫ్‌ఐ. మదర్‌బోర్డు మీది చిప్పులో కాపురం గనక విండోస్ పాడైనా అతను చెడడు. నల్లతెర మీద తెల్లక్షరాలతో, ఏ అలంకరణా లేకుండా, బూటబుల్ డివైస్ లేదని వస్తే పలికింది ఇతనే. అప్పుడు విండోస్‌ను తిట్టడం అన్యాయం, దానికింకా పిలుపే రాలేదు. కంపెనీని బట్టి ఎఫ్2, ఎఫ్10, ఎఫ్12 లేదా డిలీట్ నొక్కుతూ సెటప్‌లోకి వెళ్లి చూడాల్సింది ఒక్కటే: ఎస్‌ఎస్‌డీ పేరు జాబితాలో ఉందా? పేరే లేకపోతే డిస్కు వదులైందో, చచ్చిపోయిందో, దాన్ని చూసే పద్ధతి సెట్టింగుల్లో మారిందో. ఆ డిస్కుకు ఏ సాఫ్ట్‌వేర్ మంత్రమూ పనిచేయదు. పేరు ఉండి ‘విండోస్ బూట్ మేనేజర్’ అనే వరుస పోయినా, కిందికి జారినా పని తేలిక.

రెండోవాడు బూట్ మేనేజర్. డిస్కులో ఈఎఫ్‌ఐ సిస్టం పార్టిషన్ అని ఒక చిన్న గది ఉంటుంది, ఫ్యాట్32 పద్ధతిలో, తరచూ 100 ఎంబీకి మించదు. విండోస్ ఎక్కడుందో రాసిపెట్టిన బీసీడీ అనే చిట్టా అందులోనే. నీలితెర మీద మీ పరికరానికి మరమ్మతు కావాలంటూ, బీసీడీ ప్రస్తావనతో సందేశం వస్తే చిట్టా చెడింది, ఇల్లు కూలలేదు.

మూడోవాడు కెర్నల్, విండోస్‌కు గుండెకాయ. ‘ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్’ అని తెర వస్తే విండోస్ లేచి, తన సొంత డిస్కునే చదవలేక కూలబడింది. చాలావరకు స్టోరేజి డ్రైవరు తగాదా. ఇతని మాటా మొదటివాడి మాటా వినడానికి ఒకేలా ఉంటాయి, డిస్కు లేదనే ఇద్దరి ఫిర్యాదూ. ఇద్దరి రోగాలూ వేరు, మందులూ వేరు. ఒకరి మందు మరొకరికి వేయడం వల్లే ఇళ్లలో ఆదివారాలు తగలబడుతున్నాయి. మన పద్యంలో గీత ఆడింది, కాబట్టి పలికింది ఫర్మ్‌వేరే అని సిద్ధాంతం.

ఈ పద్యం తమదేనని లినక్స్ వారూ వాదిస్తారు. వారి దగ్గర రెండోవాడి పేరు గ్రబ్. దారి తప్పినప్పుడు ‘గ్రబ్ రెస్క్యూ’ అని ఒక్క ముక్క చెప్పి గీత ఆడిస్తూ కూర్చుంటాడు, కాబట్టి వాదంలో బలం లేకపోలేదు. అప్‌గ్రేడ్ సమయంలో బూట్ పార్టిషన్ నిండిపోయి కొత్త కెర్నల్ సామగ్రి సగమే పడితే కెర్నల్ పానిక్ వస్తుంది. మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ కింద పాత కెర్నల్ అట్టిపెట్టి ఉంటుంది, దాన్ని ఎంచుకుంటే చాలాసార్లు లేస్తుంది. పాతవాటిని వెంటనే పారేయకపోవడం ఆ సంప్రదాయంలో నాకు నచ్చిన గుణం.

పూర్వపక్షం: ఫార్మాట్‌వాదుల మతం

“సార్, ఓఎస్ పోయింది. ఫార్మాట్ కొట్టేద్దాం. డేటా ఏమైనా ఉందా?” ఇది ఈ మతానికి మూలసూత్రం. మూడో వాక్యం మొదట రావాలి. అయినా మౌసు మీద చెయ్యి వేసి, జవాబు వచ్చేలోగా క్లిక్కు అయిపోయేంత నిదానంగా అడుగుతారు.

ఖండనం. ఓఎస్ పోయిందనడమే అతివ్యాప్తి. చిట్టా చెడితే ఓఎస్ పోలేదు, ఓఎస్ చెడినా యూజర్స్ ఫోల్డరులోని ఫైళ్లు చాలాసార్లు చెక్కుచెదరవు. పైగా అప్‌గ్రేడ్ చేసేటప్పుడు విండోస్ తన పూర్వరూపాన్ని విండోస్.ఓల్డ్ అనే ఫోల్డరులో 10 రోజులు దాచి ఉంచుతుంది. ఆ గడువులో పాత వెర్షన్‌కు వెనక్కి పోయే వీలుంది. దశాహం దాటితే మాత్రం అది తనంతట తానే తుడుచుకుంటుంది.

వెనక్కి పోవడానికైనా ముందుకు పోవడానికైనా ద్వారం రికవరీ మెనూ. వరసగా రెండుసార్లు విండోస్ లేవలేకపోతే మామూలుగా ఆ మెనూ తానే తెరుచుకుంటుంది. అందుకే తెలిసినవాళ్లు కంపెనీ గుర్తు దాటి విండోస్ మొదలవుతుండగా పవర్ బటన్ నొక్కిపట్టి కావాలనే ఆపుతారు. మన పద్యంలోలాగా ఫర్మ్‌వేర్ దగ్గరే ఆగితే మెనూ కూడా రాదు. ఇంకో కంప్యూటర్లో మైక్రోసాఫ్ట్ వారి మీడియా క్రియేషన్ టూల్‌తో పెన్‌డ్రైవు చేసి, దానితో లేపి, ఇన్‌స్టాల్ అనేదాన్ని ముట్టకుండా ‘రిపేర్’ అన్నదాన్ని ఎంచుకోవాలి. ముందు స్టార్టప్ రిపేర్. సర్వసాధారణంగా మీ పీసీని బాగుచేయలేకపోయామని తేల్చేస్తుంది, అయినా పోయేదేమీ లేదు. తర్వాత కెర్నల్ రోగానికి సేఫ్ మోడ్, ఆఖరి అప్‌డేట్ తీసివేయడం, పాత వెర్షన్‌కు మళ్లడం. చిట్టా రోగానికి కమాండ్ ప్రాంప్ట్.

ఈ చివరిదాని దగ్గర ప్రయోగవైషమ్యం ఉంది. ఎవరిని అడిగినా ‘బూట్‌రెక్ కొట్టు’ అంటారు. అది బయాస్ యుగంలో సిద్ధించిన మంత్రం, యూఈఎఫ్‌ఐ యంత్రాల మీద ఫిక్స్‌బూట్ అనగానే ‘యాక్సెస్ ఈజ్ డినైడ్’ అని గదమాయించడం తరచూ చూసేదే. అక్కడ తగిన ప్రయోగం బీసీడీబూట్. డిస్క్‌పార్ట్‌తో ఆ ఫ్యాట్32 గదికి ఒక డ్రైవు అక్షరం ఇచ్చి, విండోస్ ఫోల్డరు ఎక్కడుందో చూపి, చిట్టా కొత్తగా రాయించడం. ఒక్క జాగ్రత్త: రికవరీ లోకంలో అక్షరాలు తారుమారు కావచ్చు. మీ సీ డ్రైవు అక్కడ డీ కావచ్చు, సీ అన్నది మరేదో కావచ్చు. డిఐఆర్ అని కొట్టి, మీ ఫోల్డర్లు కళ్లారా చూసి, ఆపై ఆజ్ఞ ఇవ్వాలి. ‘రీసెట్ దిస్ పీసీ’ ఈ వరసలో ఆఖరిది. నా ఫైళ్లు ఉంచమంటే ఫైళ్లు ఉంచుతుంది గానీ, వేసుకున్న ప్రోగ్రాములన్నీ పోతాయి. తెలుగు టైపింగ్ కీబోర్డు, పాత ట్యాలీ, అను ఫాంట్లు ఆ లెక్కలోవే.

పాఠాంతరం

చాలా ప్రతుల్లో నాలుగో పాదం ‘దిక్కింక బ్యాకపేది’ అని ఉంది. ఛందస్సుకు రెండూ చెల్లుతాయి. మొదటి పాఠంలో కవికి బ్యాకప్ ఉంది, అదొక్కటే శరణమా అని సందేహం. రెండో పాఠంలో అసలు లేదు. ఎక్కువ ప్రతుల్లో ఉన్నదాన్ని గ్రహించాలన్నది ఒక పద్ధతి, అలా చూస్తే రెండోదే నిలుస్తుంది.

ఈ పాఠం వారు మరమ్మతుకు ముందే ఫైళ్లు బయటికి లాగాలి. లైవ్ లినక్స్ పెన్‌డ్రైవుతో లేపి, యూజర్స్ ఫోల్డరును బయటి డిస్కుకు కాపీ చేయడం ఒక దారి. వెనకపలక విప్పి ఎస్‌ఎస్‌డీని తీసి, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట దొరికే యూఎస్‌బీ డబ్బాలో పెట్టి ఇంకో కంప్యూటరుకు తగిలించడం మరో దారి. డిస్కును బోర్డుకే అతికించిన పలచటి మోడళ్లకు ఈ రెండోది లేదు.

రెండు దారుల్లోనూ ఒక ద్వారపాలకుడు ఎదురవుతాడు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయిన చాలా కొత్త ల్యాప్‌టాపుల్లో డిస్కు గుప్తీకరణ అడక్కుండానే ఆన్ అయి ఉంటుంది. బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతుంది, 48 అంకెలు, ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులు. ఫర్మ్‌వేర్‌లో సెక్యూర్ బూట్ లాంటివి కెలికినా ఇది లేస్తుంది, అందుకే కెలకడానికి ముందే కీ చేతిలో ఉండాలి. ఇళ్లలో వాడే యంత్రాలకు అది సాధారణంగా ఆ మైక్రోసాఫ్ట్ ఖాతాలోనే దాగి ఉంటుంది, ఫోన్లోంచి లాగిన్ అయి చూసుకోవచ్చు. ఆ ఖాతా ఏ ఈమెయిలుతో తెరిచారంటే “కొన్నరోజు షాపులో కుర్రాడు ఏదో పెట్టాడండీ” అనేవారి సంగతి ఈ టీక పరిధిలోకి రాదు.