మెజారిటీ బాబాయి

పాలకొల్లు దరిదాపుల్లో ఉన్న మా చిన్న ఊళ్ళో ఎవరి చేను ఎన్ని సెంట్లో ఒకప్పుడు కరణంగారికి తెలిసేది. ఎవరికి ఏ జబ్బుందో ఆరెంపీ డాక్టరుకి తెలుసు. ఎవరి ఓటు ఎటో మాత్రం మెజారిటీ బాబాయికే తెలుసు. ఆ సంగతి మాకు చెప్పింది కూడా బాబాయే.

బస్టాండు పక్కన టీకొట్టు బల్లమీద పొద్దున్న ఆరింటికి కూచుంటాడు. ఒళ్ళో ఓటర్ల జాబితా జిరాక్సు, జేబులో పసుపు స్కెచ్ పెన్ను, నీలం పెన్ను, చెవి మీద పెన్సిలు. పసుపు వాళ్ళకి పసుపు, నీలం వాళ్ళకి నీలం, తేలనోళ్ళకి పెన్సిలు. ఎవర్నీ ఏమీ అడగడు.

"అడిగితే అబద్ధం చెబుతార్రా అబ్బాయ్. చూసి తెలుసుకోవాలి."

ఆ చూడ్డం చూసి తీరాలి. తెల్లారగానే పేపరు కుర్రాణ్ణి ఆపి ఏ గుమ్మంలో ఏ పేపరు పడుతోందో రాసుకుంటాడు. రాత్రి భోంచేశాక అరుగుల వెంట నడుస్తూ ఏ కిటికీలోంచి ఏ ఛానలు వినిపిస్తోందో చెవి ఒగ్గుతాడు. ఓసారి నేనడిగాను, "బాబాయ్, ఒకే ఇంట్లో రెండు పేపర్లూ పడుతుంటే?"

"వాడు కాంట్రాక్టరు."

బ్యాలెట్ పెట్టెల రోజుల్లో ఈ విద్యకి ఇంత విలువ లేదు. చాలా ఎన్నికల్లో ఆ బూతు కాగితాలూ ఈ బూతు కాగితాలూ కలిపేసి లెక్కపెట్టేవారు కాబట్టి ఏ పేట ఎటేసిందో ఆ దేవుడికే తెలియాలి. 2004లో దేశమంతటా యంత్రాలొచ్చాయి. ఏ బూతు ఓట్లు ఆ బూతువే. ఎన్నికయ్యాక ఫారం 20లో బూతువారీగా అంకెలు దొరుకుతాయి. ఎవరి ఓటన్నది రహస్యమే గానీ, చెరువుగట్టు వీధి మొత్తం ఏం చేసిందో బట్టబయలు. ఆ వీధికి సిమెంటు రోడ్డు ఎందుకు రాలేదో కూడా ఆ ఫారమే చెబుతుందని బాబాయి నమ్మకం. నేను కాదనలేకపోయాను.

ఆ కాగితం బాబాయికి పంచాంగంతో సమానం. పోయినసారి తన లెక్క తప్పించిన బూతుంటే దాన్ని సొంత అవమానం కింద జమకట్టుకుంటాడు. 2019లో ఏడో బూతు అలా దెబ్బకొట్టింది. ఆ బూతువాళ్ళ పెళ్ళిళ్ళకి బాబాయి రెండేళ్ళు వెళ్ళలేదు. మూడో ఏడు పులస పులుసు పెట్టి రాజీ చేసుకున్నారు.

పాత ఓటములకి కూడా ఆయన దగ్గర కారణాలు సిద్ధం. 2009లో చిరంజీవిగారు తిరుపతిలో గెలిచి పాలకొల్లులో ఓడిపోయారు కదా. అల్లు రామలింగయ్యగారి ఊరు, అంటే సాక్షాత్తూ అత్తారిల్లు. "అల్లుడొస్తే కోడి కోస్తాం, కొత్తబట్టలు పెడతాం. ఎకరం రాసిమ్మంటే రాసిస్తామా ఏంటి?" అంటాడు బాబాయి. రాజకీయ శాస్త్రం ఎమ్మే చేసిన మా అన్నయ్య కూడా దీనికి మించిన విశ్లేషణ చెప్పలేకపోయాడు.

పోలింగుకీ కౌంటింగుకీ మధ్య రోజులే ఆయన అసలు పండగ. 2019లో ఏప్రిల్ 11న ఓట్లేస్తే మే 23న లెక్కపెట్టారు. నలభై రెండు రోజులు, అయ్యప్ప దీక్షకన్నా ఒకరోజు ఎక్కువే. 2024లో మే 13 నుంచి జూన్ 4కి ఇరవై రెండు రోజులే ఇచ్చారని ఎన్నికల సంఘం మీద ఇప్పటికీ గుర్రుగా ఉన్నాడు. ఆ రోజుల్లో సంక్రాంతి కోళ్ళకి బదులు ఎమ్మెల్యేల మీద పందేలు. పందెం కాసేవాళ్ళంతా బాబాయి దగ్గరికే.

"గాలుంది గానీ కొమ్మ కదలట్లేదు," అంటాడు.

విన్నవాడు తనకి కావల్సినట్టు అర్థం చేసుకుని వెళతాడు.

ఇందులో ఒక కిటుకుంది. బాబాయి నోట పార్టీ పేరు రాదు. "మనోళ్ళు" అంటాడు, అంతే. పసుపు కండువా వస్తే "ఆయ్, మనోళ్ళకి రెండువేల మెజారిటీ తగ్గదండి." అది అటు వెళ్ళగానే నీలం కండువా వస్తే "ఆయ్, మనోళ్ళకి రెండువేల మెజారిటీ తగ్గదండి." ఇద్దరూ టీ డబ్బులిచ్చి సంతోషంగా వెళతారు. 2024లో పాత ఉభయ గోదావరి జిల్లాల్లో ఉన్న ముప్ఫైనాలుగు సీట్లూ పసుపు పార్టీ ఉన్న కూటమికే పోయాయి. "మనోళ్ళు ఊడ్చేశారు చూశావా!" అన్నాడు. నెలరోజుల క్రితం ఎవరితో ఏమన్నాడో పోల్చుకునే దారి లేదు.

ఇంత వరకూ ఆయన్ని ఆపినవాళ్ళు లేరు, అట్ల మామ్మ తప్ప. బండిమీద మినపట్లేసే ఆవిడ పేరు జాబితాలో ఇరవయ్యేళ్ళుగా పెన్సిలే. 2024 పోలింగునాడు సిరా వేలు చీరకొంగుకి తుడుచుకుంటూ బూతులోంచి వస్తుంటే బాబాయి తన నియమం తానే తప్పి అడిగేశాడు.

"మామ్మా, ఎటేశావే?"

"అదేంటి బాబూ, నువ్వు చెప్పినోళ్ళకే."

బాబాయి మొహం చాటంతయ్యింది. జాబితా తెరిచాడు, మామ్మ పేరు మీద వేలు పెట్టాడు, జేబులో చెయ్యి పెట్టాడు. పసుపు పెన్ను సగం పైకి తీశాడు, వెనక్కి పెట్టాడు. నీలం తీశాడు. అదీ పెట్టేశాడు.

"ఒరే అబ్బాయ్," అన్నాడు నాతో నెమ్మదిగా, "నేను మామ్మకి ఎవరికని చెప్పానంటావ్?"