ఏలినవారు ఊరెళ్లేముందు

ఏలినవారి పాదాలకు నమస్కరించి రాయునది ఏమనగా, మిత్రదేశం నుంచి తమకు పిలుపొచ్చిందని తెలిసింది. సంతోషం. అయితే ఆ పిలుపు మీ మొహం చూసి వచ్చిందని మురిసిపోకండి. మీ మంత్రులకు అక్కడేదో పని పడింది. విమానాలు అమ్మాలో, ఎప్పుడో చెడిన మాట మళ్లీ కలుపుకోవాలో. అందుకు ఎదురు నడవడానికి మంచి శకునం ఒకటి కావాలి. ఆ శకునం తమరు.

ముహూర్తం కూడా మీ చేతిలో ఉండదు. 2023 మార్చిలో మూడో చార్లెస్ గారు రాజయ్యాక తొలి అధికారిక పర్యటనకు ఫ్రాన్స్ వెళ్లాలని అన్నీ సర్దుకున్నారు. పింఛను వయసు పెంచారని అక్కడి జనం రోడ్డెక్కారు. ఇప్పుడు వద్దులెండి అని అధ్యక్షుడు మాక్రాన్ చెప్పాల్సి వచ్చింది. రెండో మజిలీ కావలసిన జర్మనీయే మొదటి మజిలీ అయింది. పారిస్ విందు సెప్టెంబరుకు పడింది.

స్టేట్ విజిట్ అంటే ఏమిటని తమకు సందేహం రావచ్చు. వియ్యాలవారింటికి వెళ్లడమే. అడుగడుగునా మర్యాదలు, నోరు తెరిస్తే పొగడ్తలు, మనసులో మాట మాత్రం ఎవరూ అనరు. ఇక్కడ అదనంగా 21 తుపాకులు పేలుస్తారు.

ముందు సామాను సంగతి. పాస్‌పోర్టు కోసం బీరువాలు వెతక్కండి. రెండో ఎలిజబెత్ రాణిగారికి అసలు పాస్‌పోర్టే ఉండేది కాదు. దేశంలో అందరి పాస్‌పోర్టులూ తన పేరు మీదే ఇస్తుంటే, ఆవిడకు ఇచ్చేదెవరు? నల్లబట్టలు ఒక జత మాత్రం పెట్టె అడుగున పడెయ్యండి. 1952 ఫిబ్రవరిలో ఆవిడ కెన్యాలో ఉండగా తండ్రి పోయాడు. రాకుమారిగా వెళ్లిన మనిషి రాణిగా తిరిగొచ్చింది. అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఎవరు ప్రయాణం కట్టినా పెట్టెలో నల్లబట్టలు ఉండి తీరాలి.

సామాను ఎంతుండాలంటే నా సలహా సౌదీ రాజు సల్మాన్ గారిని చూసి నేర్చుకోమని. 2017 మార్చిలో ఇండోనేషియాకు ఆయన 459 టన్నులు పట్టుకెళ్లారు. అందులో రెండు మెర్సిడెస్ కార్లు, రెండు ఎలక్ట్రిక్ లిఫ్టులు కూడా ఉన్నాయి. వెంట దాదాపు 1,500 మంది. మన పెళ్లివారు నయం, బస్సు పైన నాలుగు పెట్టెలతో సరిపెడతారు. అదే ఏడాది అక్టోబరులో మాస్కోలో ఆయన విమానం దిగుతుంటే బంగారు రంగు ఎస్కలేటర్ సగంలో ఆగిపోయింది. కాసేపు నిలబడి చూశారు. అది కదల్లేదు. చివరికి ఆయనే మిగతా మెట్లన్నీ కాళ్లతో దిగారు. ఎంత సామాను తెచ్చుకున్నా ఆఖరికి పనికొచ్చేవి ఒంటితో వచ్చినవేనని అక్కడ విమానాశ్రయంలో నిలబడ్డవాళ్లంతా చూశారు.

ఒళ్లు అన్నాను కాబట్టి అసలు సంగతికి వస్తాను. ఈ ప్రయాణంలో మాట మీది కాదు. విందులో చదివే ఉపన్యాసం మీ విదేశాంగ శాఖ రాస్తుంది, అవతలివాళ్లు ముందే చూస్తారు, మీ కళ్లద్దాలు సర్దుకుని చదవడం ఒక్కటే మీ వంతు. చదవనివ్వకపోనూ వచ్చు. 1997 అక్టోబరులో రాణిగారు భారతదేశానికి మూడోసారి వచ్చినప్పుడు ఢిల్లీలో ఒకసారి మాట్లాడారు కదా, చెన్నైలో మళ్లీ ఎందుకని మనవాళ్లు అడ్డుపడ్డారు. రాసి తెచ్చిన ఉపన్యాసం రాసినట్టే వెనక్కి వెళ్లిపోయింది. లండన్ పత్రికలు గగ్గోలు పెట్టాయి. ఆవిడ మాత్రం ఎంజీఆర్ ఫిల్మ్ సిటీకి వెళ్లి కమల్ హాసన్ తీయబోతున్న ‘మరుదనాయగం’ ప్రారంభోత్సవం చూసొచ్చారు. కంపెనీవాళ్ల మీద తిరగబడి ఉరికంబమెక్కిన వీరుడి కథ అది. ఆ సినిమా పూర్తి కాలేదు గానీ, అందులో రాణిగారి తప్పేమీ లేదు.

మాట మీది కానప్పుడు తల ఎత్తు ముఖ్యం. 1991 మేలో వాషింగ్టన్‌లో ఆరడుగుల పైచిలుకు పొడవున్న అధ్యక్షుడు బుష్ గారు మాట్లాడి పక్కకు తప్పుకున్నారు. రాణిగారు నిలబడ్డానికి పీట వెయ్యడం ఎవరికీ గుర్తు లేదు. మైకుల వెనకనుంచి గొంతు వినపడుతోంది, పైన టోపీ ఒక్కటే కదులుతోంది. మాట్లాడే టోపీ అని అమెరికా అంతా నవ్వుకుంది. రెండ్రోజుల తర్వాత అమెరికన్ కాంగ్రెస్‌లో ఆవిడ మొదటి మాటే, ఇవాళైనా నేను మీకు కనిపిస్తున్నానని ఆశ అని. సభ లేచి చప్పట్లు కొట్టింది. ఆ పర్యటనలో జనం గుర్తుపెట్టుకున్నది ఆ ఒక్క వాక్యం. విదేశాంగ శాఖవారు కష్టపడి రాసిన మిగతా పేజీలు ఏ బీరువాలో ఉన్నాయో.

ఆతిథేయుల భాషలో నాలుగు ముక్కలు నేర్చుకోండి. నాలుగంటే నాలుగే. ఎక్కువైతే తిరిగి మాట్లాడతారు, అప్పుడు చిక్కు. 2011 మేలో డబ్లిన్ విందులో రాణిగారు ఐరిష్‌లో అయిదే అయిదు మాటలతో ఉపన్యాసం మొదలుపెట్టారు. అధ్యక్షురాలా, మిత్రులారా అని, అంతే. పక్కనున్న అధ్యక్షురాలు మేరీ మెకలీస్ ‘వావ్’ అని మూడుసార్లు అన్నారు. వందేళ్ల తర్వాత అక్కడ అడుగుపెట్టిన బ్రిటిష్ సింహాసనానికి ఆ అయిదు మాటలూ వంద శకటాల పెట్టు. ఆ రోజే పొద్దున గిన్నిస్ కంపెనీలో గ్లాసు నిండా నురగతో బీరు నింపి ముందు పెడితే చూసి మెచ్చుకున్నారు తప్ప ముట్టుకోలేదు. పక్కనున్న భర్తగారి చూపు మాత్రం గ్లాసు మీదే ఉంది.

కాసేపు ఎదురుచూసేలా చేస్తారు, ఓర్చుకోండి. 1980లో మొరాకో రాజు హసన్ రాణిగారిని ఎండలో గుడారంలో కూర్చోబెట్టి తను ఎటో వెళ్లిపోయాడు. ఆవిడ నోరెత్తలేదు, పాదం మాత్రం నేలమీద టకటకా ఆడిందట. ఫొటోగ్రాఫర్లకు ఆ రోజు పండగే.

వేటకు రమ్మంటే ఆలోచించండి. 1961లో రాణిగారి భర్త ఫిలిప్ గారు జైపూర్ మహారాజుతో కలిసి రణథంబోర్‌లో పులిని కొట్టారు. చచ్చిన పులి ముందు అందరూ నిలబడి ఫొటో దిగారు. ఇంగ్లండులో జనం తిట్టిపోశారు. ఆ తర్వాత నేపాల్లో మహేంద్ర రాజు 300 పైచిలుకు ఏనుగులు కట్టించి మళ్లీ వేట పెట్టాడు. సరిగ్గా ఆ వేళకే ఫిలిప్ గారి చూపుడువేలికి గోరుచుట్టు లేచింది. కట్టుతో వచ్చి కూర్చున్నారు, తుపాకీ ముట్టలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటని మన సామెత. ఇక్కడ రోకటిపోటును తప్పించిందే గోరుచుట్టు. ఆ ఏడాదే పుట్టిన ప్రపంచ వన్యప్రాణి నిధికి బ్రిటన్ శాఖ అధ్యక్షుడు కూడా ఆయనే అయ్యారు. తమరు కూడా కట్టుగుడ్డ ఒక చుట్ట వెంట ఉంచుకోండి, నెప్పి ఉన్నా లేకపోయినా.

బహుమతుల దగ్గర మొహం అదుపులో ఉండాలి. 1961లోనే గాంబియాలో రాణిగారి రెండో కొడుక్కని మొసలిపిల్లను ఇచ్చారు. తిరుగు ప్రయాణంలో దాన్ని పాపం ఆవిడ కార్యదర్శి తన స్నానాల తొట్టిలో పెట్టుకుని సాకాడు. మన హైదరాబాదు నిజాం పద్ధతి అన్నిటికన్నా తెలివైనది. 1947లో ఆవిడ పెళ్లికి, లండన్‌లో కార్టియే నగల కొట్టుకు వెళ్లి నచ్చింది తీసుకోమని కబురు పెట్టాడు. పెళ్లికూతురు వజ్రాల హారం, కిరీటం ఎంచుకుంది. అదే పెళ్లికి గాంధీగారు తను వడికిన నూలుతో అల్లిన గుడ్డ పంపారు, మధ్యలో జైహింద్ అని. మేరీ రాణి, అంటే పెళ్లికూతురి నాయనమ్మ, దాన్ని గోచీ అనుకుని మొహం తిప్పుకుందట. నిజాం కిరీటాన్ని 1973లో విప్పదీసి ఆ వజ్రాలను వేరే కిరీటంలో పొదిగించారు. గాంధీగారి గుడ్డ భద్రంగా ఉంది, మన ప్రధాని వెళ్తే తీసి చూపించారు కూడా. 1983 నవంబరు 20న సరిగ్గా పెళ్లిరోజుకు ఆ దంపతులు హైదరాబాదులో ఉన్నారు. బొల్లారం హోలీ ట్రినిటీ చర్చిలో ప్రార్థన చేసుకున్నారు, గోల్కొండ పక్కన కుతుబ్‌షాహీ సమాధులు చూశారు. కోహినూర్ ఊసు ఎవరూ ఎత్తినట్టు లేదు. వియ్యాలవారి మెడలో మన నగ ఉన్నా భోజనాల దగ్గర అడగరు కదా.

వెంట ఎవర్ని తీసుకెళ్లాలి? మంత్రిని తప్పదు, కానీ నోటికి తాళం వేయించండి. 1997లో బ్రిటన్ విదేశాంగ మంత్రి రాబిన్ కుక్ పాకిస్తాన్లో కాశ్మీర్ మాట ఎత్తి, రాణిగారు ఢిల్లీలో దిగేలోపే విందు చప్పబరిచాడు. జీవిత భాగస్వామిని కూడా కాస్త కనిపెట్టి ఉండండి. ఆ అక్టోబరు 14న అమృత్‌సర్ జలియన్‌వాలాబాగ్‌లో రెండు వేలమంది అమరులని రాసున్న ఫలకం చదివి, అంతమంది కాదు, లెక్క పెంచారు అన్నారు ఫిలిప్ గారు. ఎలా తెలుసంటే, అక్కడ కాల్పులు జరిపించిన డయ్యర్ కొడుకూ తానూ నౌకాదళంలో కలిసి పనిచేశామని సమాధానం. బ్రిటిష్ ప్రభుత్వం తేల్చిన లెక్క 379. ఆ లెక్క సరే అనుకున్నా, అది అప్పజెప్పే చోటు మాత్రం ఆ ఫలకం ముందు కాదు.

ఆ ముందురాత్రి ఢిల్లీ విందులో రాణిగారు చదివిన ఉపన్యాసంలో జలియన్‌వాలాబాగ్ పేరు ఉంది. బాధాకరమన్న మాట ఉంది, చరిత్రను తిరగరాయలేమన్న మాట ఉంది. క్షమించండి అన్న మాట లేదు. రాసినవాళ్లు రాయలేదు, చదివిన మనిషి కలపలేదు. మర్నాడు బాగ్‌లో ఆవిడ చెప్పులు విడిచారు, పుష్పగుచ్ఛం ఉంచారు, అరనిమిషం తల వంచి నిలబడ్డారు. ఆ అరనిమిషం ఏ శాఖ ఫైల్లోనూ రాసివ్వగలిగింది కాదు. సరిపోయిందా అంటే, సరిపోలేదని ఆ గోడల మీది తూటా గుర్తుల పక్కన పెరిగిన వాళ్లు అన్నారు. నాకూ సరిపోలేదు.

కాబట్టి మహాప్రభో, 459 టన్నులు పట్టుకెళ్లినా ఫరవాలేదు గానీ, చెప్పులు మాత్రం తమరే స్వయంగా చూసి కొనుక్కోండి. పట్టీలు, బకిల్సులు ఉన్నవి వద్దు. ఎవరి సాయమూ లేకుండా, నిలబడ్డచోటే విడవగలిగేవి తీసుకోండి.