ఈ వరుస అయిపోనివ్వండి

హైదరాబాదులో చలి భోగిమంట చల్లారేలోపే వెళ్ళిపోతుంది. అలాంటి ఊళ్ళో, మే నెల మధ్యాహ్నం, కరెంటు పోయి జనమంతా గుమ్మాల్లోకి వచ్చి విసురుకుంటున్న వేళ, ఒళ్ళో ఊలు పెట్టుకుని చెమట తుడుచుకుంటూ శాలువా అల్లుతున్న మనిషి కనబడితే ఆవిడే లేసు పిన్నిగారు. అరవై దాటి ఉంటారు. మెడలో మంగళసూత్రాలతో పాటు కొలత టేపు వేలాడుతుంటుంది. ముడిలో ఒక సూది గుచ్చి ఉంటుంది. జుట్టు నిలవడానికి పెట్టుకున్నారో, సూది పోకుండా పెట్టుకున్నారో ఆవిడకే తెలియదు. ఇప్పుడు పెద్ద అపార్టుమెంటు ప్రతిదాంట్లోనూ ఒక లేసు పిన్నిగారు ఉన్నారు. మీ దాంట్లో లేరంటారా? ఉన్నారు, మీకింకా లిఫ్టులో ఎదురుపడలేదు.

ఈ విద్య ఆవిడకి పుట్టింటి నుంచి రాలేదు. కూతురి పురిటికి మిషిగన్ వెళ్ళినప్పుడు పట్టుకుంది. బాలింతకి పథ్యం వండి, పసివాడికి నలుగు పెట్టాక మిగిలిన పూట ఎలా గడపాలో తోచలేదు. వీధిలో మంచు తప్ప మనిషి లేడు. అల్లుడు పోనీ కదా అని పబ్లిక్ లైబ్రరీలో దింపి వెళ్ళాడు. అక్కడో మూల ముసలమ్మలు కొందరు గుండ్రంగా కూచుని అల్లుకుంటున్నారు. వాళ్ళ ఇంగ్లీషు ఈవిడకి అందదు, ఈవిడది వాళ్ళకి అందదు. అయినా ఒకావిడ చేతిలో సూదులు పెట్టింది, ఇంకొకావిడ వేళ్ళు పట్టుకుని తిప్పింది. వీసా గడువు అయ్యేసరికి పిన్నిగారు మనకి మిగల్లేదు. బాదంపప్పూ చాక్లెట్లూ రావలసిన పెట్టె నిండా ఊలు చిలపలు వచ్చాయి. బాబాయిగారికి షేవింగు బ్లేళ్ళు కూడా రాలేదు.

బాబాయిగారికి వచ్చింది ఉద్యోగం. రిటైరైన ఏడాదికి మళ్ళీ దొరికింది పాపం. చిలపని రెండు చేతులకీ తగిలించుకుని మోచేతులు పైకెత్తి కూచోవాలి. పిన్నిగారు ఎదురుగా కూచుని ఉండ చుట్టుకుంటారు. లేసు ఊలు సన్నంగా ఉంటుంది, 100 గ్రాముల చిలపలో ఎనిమిది వందల మీటర్ల దాకా దారం ఉంటుంది. అంత దారం చుట్టేదాకా ఆయన ముక్కు గోక్కోకూడదు, ఫోను తీయకూడదు. క్రికెట్టు చూడొచ్చు గానీ సిక్సరు కొడితే చేతులు విసరకూడదు.

ఆ ఇంట్లో కాలానికి కొలమానం ఒకటే: "ఈ వరుస అయిపోనివ్వండి." కుక్కరు మూడో కూత వేసినా, గుమ్మంలో వియ్యంకుడు నిలబడినా ఇదే మాట. ఇందులో ఒక మోసం ఉంది, బాబాయిగారు ఆలస్యంగా కనిపెట్టారు. ఈ ముక్కోణపు శాలువాలు మెడ దగ్గర పిడికెడు కుట్లతో మొదలవుతాయి. ప్రతి రెండో వరుసకీ నాలుగేసి కుట్లు పెరుగుతూ పోతాయి. అంచు దగ్గరికొచ్చేసరికి వరుసకి నాలుగు వందల కుట్లు. జూన్‌లో అన్న "ఒక్క వరుస" అర నిమిషం. అక్టోబరులో అన్న అదే "ఒక్క వరుస"కి బాబాయిగారు బజారుకి వెళ్ళి కూరలు తెచ్చి, ఏరి, తరిగి కూడా పెట్టొచ్చు. పెడుతున్నారు.

లెక్క తప్పకూడదని పైకే లెక్కపెట్టుకుంటారు. ఒకసారి కొరియరు కుర్రాడు వచ్చి "ఓటీపీ చెప్పండమ్మా" అన్నాడు. ఆవిడ తలెత్తకుండా "రెండు వందల పదహారు, రెండు వందల పదిహేడు..." అంటున్నారు. వాడు అవన్నీ శ్రద్ధగా కొట్టుకున్నాడు. ఆ పార్సెలు వెనక్కి పోయింది. ఆ కుర్రాడు మాత్రం పోలేదు, గుమ్మంలో నిలబడి కుట్టు ఎలా తీయాలో నేర్చుకున్నాడు.

ఇక్కడే పిన్నిగారి అసలు స్వభావం బయటపడుతుంది. ఆవకాయకి ఆవపిండి కొలత చెప్పి ఉప్పు కొలత మింగేసేవాళ్ళ మధ్య పుట్టి కూడా ఆవిడ ఏదీ దాచుకోరు. అడగనివాళ్ళకి కూడా చెబుతారు. లిఫ్టు మూడో అంతస్తుకి చేరేలోపు సూత్రం మొత్తం మీ చేతిలో ఉంటుంది: "లేసంటే ఏముందమ్మా, లెక్కగా పెట్టిన చిల్లులు. సూది మీద దారం ఊరికే ఒకసారి వేసుకుంటే చిల్లు పడుతుంది, ఓ కుట్టు పెరుగుతుంది. పక్కనే రెండు కుట్లు కలిపి అల్లితే ఓ కుట్టు తగ్గుతుంది. వేసినన్ని తగ్గించావా, నీ జన్మలో తప్పు రాదు." ఐదో అంతస్తు వచ్చేసరికి షెట్లాండ్ వాళ్ళ అలల అల్లిక 'ఓల్డ్ షేల్' కూడా అయిపోతుంది. 18 కుట్ల ముక్క: మూడు జతలు కలుపు, ఆరుసార్లు దారం వేసి ఒక్కో కుట్టు అల్లు, మళ్ళీ మూడు జతలు కలుపు. నాలుగు వరుసలకి ఒకసారి ఇది, తక్కిన మూడూ సాదా. లిఫ్టులోంచి బయటపడ్డ మనిషి తన అంతస్తు కాని అంతస్తులో దిగిపోతాడు.

ఆవిడది దానం అని కొందరూ దౌర్జన్యం అని కొందరూ అంటారు. రెండూ అని నా అభిప్రాయం. నేర్పేదాకా వదలరు, నేర్చుకున్నాక మీ అల్లికలో తప్పు చూసి, "చాలా బావుంది, విప్పెయ్" అంటారు. తనది కూడా అంతే నవ్వుతూ విప్పుతారు. దానికి తగ్గ ముందుజాగ్రత్త ఉంది: కొన్ని వరుసలకోసారి కుట్లన్నిటి గుండా ఒక సన్నని దారం దూర్చి వదిలేస్తారు. పైన ఎక్కడ తప్పు దొర్లినా అక్కడిదాకా విప్పుకుంటే అల్లిక ఆ దారం మీద ఆగుతుంది. దీనికి ఆవిడ వాడేది పళ్ళ సందులు శుభ్రం చేసుకునే ఫ్లాసు. ఆ ఇంట్లో వాళ్ళవి రాష్ట్రంలోకెల్లా శుభ్రమైన పళ్ళని వీధి చివర మందుల షాపు అతని నమ్మకం.

గురువారం సాయంత్రాలు సెల్లారులో శిష్యులు చేరతారు. అందులో ముందు చెప్పుకోవలసింది లెక్కల మాస్టారిని. ఆయన భార్యని దింపడానికి వచ్చి, 'పై శాలువా' అన్న మాట విని ఆగిపోయారు. ఎలిజబెత్ జిమ్మర్మన్ అనే అల్లికల గురువు 1974లో అచ్చైన తన పుస్తకంలో ఇచ్చిన గుండ్రటి శాలువా అది. నడుమ 9 కుట్లతో మొదలుపెట్టి, వాటిని ఒక్కసారిగా 18 చేసి, మూడు వరుసలు అల్లి 36 చేసి, ఆరు వరుసలు అల్లి 72 చేసి, పన్నెండు వరుసలకి 144, ఇరవై నాలుగుకి 288, నలభై ఎనిమిదికి 576. మధ్య వరుసల్లో పెంపకం అక్కర్లేదు, లెక్కపెట్టే పనీ లేదు. మాస్టారు రెండు రోజులు ఆలోచించుకుని వచ్చి, "వ్యాసార్ధం రెట్టింపైతే చుట్టుకొలత రెట్టింపవుతుంది, అంతే. ఇందులో పై విలువతో పనేముందండీ?" అని ఆక్షేపించారు. పిన్నిగారు, "పనిలేదు మాస్టారూ, కానీ ఆ పేరు పెట్టబట్టే కదా మీరొచ్చారు" అన్నారు. ప్రస్తుతం ఆయన 288 దగ్గర ఉన్నారు. పాత విద్యార్థులు పలకరించడానికి వస్తే వాళ్ళ చేత కుట్లు లెక్కపెట్టిస్తున్నారు.

సాఫ్ట్‌వేరు అమ్మాయి ఒకతి ఉంది, కంపెనీ మీటింగుల్లో కెమెరా కింద చేతులు దించి అల్లుతుంది. ఆ అమ్మాయి గడుల కాగితం చూసి చకచకా అల్లేస్తుంది. ఎక్కడ తప్పినా "ఇది తప్పు కాదు పిన్నిగారూ, డిజైనే" అంటుంది. ఆ కంపెనీ అలవాటు.

రెండో అంతస్తు నర్సాపురం మామ్మగారిది వేరే దారి. ఆవిడ చేతిలో ఒకటే కొక్కెం సూది, తెల్ల నూలు దారం. గోదావరి డెల్టాలో క్రైస్తవ మిషనరీలు పంతొమ్మిదో శతాబ్దంలో నేర్పిన లేసు పని అది. నర్సాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మొదటిరోజు పిన్నిగారు కాస్త దయగా, "మీది క్రోషె అండీ, మాది నిట్టింగు" అన్నారు. మామ్మగారు తలెత్తలేదు. "అవునమ్మా. నా సూది మీద ఒకటే కుట్టు ఉంటాది. వదిలేసి వెళ్ళి అన్నం వార్చుకొచ్చినా ఎక్కడికీ పోదు. నీ సూది మీద నాలుగొందలు వేలాడతన్నాయి. ఒకటి జారితే కిందాకా పోద్ది" అన్నారు. నిజానికి రెండు విద్యల తేడా ఇంత బాగా పుస్తకాల్లో కూడా లేదు. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1982లో నర్సాపురం లేసు స్త్రీల మీద ఒక పుస్తకం అచ్చువేశారు. విదేశాలకి వెళ్ళే సరుకు రోజల్లా అల్లే ఆడవాళ్ళని, ఇంట్లో ఊరికే కూచుని తీరిక వేళ ఏదో చేసుకునేవాళ్ళుగా లెక్కగట్టారని అందులో చూపించారు. మామ్మగారు ఆ పుస్తకం చదవలేదు, చదవక్కర్లేదు కూడా. "మేం బియ్యానికి అల్లాం. నువ్వు పొద్దుపోడానికి అల్లుతున్నావు" అని ఒకే ఒకసారి అన్నారు. ఆ వారం పిన్నిగారు లిఫ్టులో ఎవరికీ పాఠం చెప్పలేదు. తర్వాతి గురువారం కొక్కెం సూది కొనుక్కొచ్చి మామ్మగారి కుర్చీ పక్కన నేలమీద చతికిలబడ్డారు. ఈసారి "విప్పెయ్" అనే వంతు మామ్మగారిది.

శాలువా ఉంగరంలోంచి దూరాలన్నది పిన్నిగారి మరో పట్టుదల. స్కాట్లండ్‌కి పైన షెట్లాండ్‌లో, బ్రిటన్ ఉత్తరపు కొసన జనమున్న అన్‌స్ట్ దీవిలో, రెండు మీటర్ల శాలువా పెళ్ళి ఉంగరంలోంచి లాగేంత సన్నగా అల్లేవాళ్ళు. రష్యాలో ఒరెన్‌బుర్గ్ వాళ్ళు మేక నూగుతో అల్లే శాలువాలకీ ఇదే పరీక్ష. అమెరికా చిలపలు అయిపోయాక సికింద్రాబాదు బజారులో దొరికిన ఊలుతో అల్లింది కూడా దూరుతుందని ఈవిడ నమ్మకం. బాబాయిగారి నిశ్చితార్థం ఉంగరం తెప్పించారు. ముప్పావు వంతు జోరుగా వచ్చి ఆగింది. ముందుకి రాదు, వెనక్కి పోదు. మాస్టారు వైశాల్యాలు వేశారు, ఎవరో సబ్బు తెచ్చారు. చివరికి ఒకదాన్ని కొయ్యాలని తేలింది. పిన్నిగారు క్షణం కూడా తటపటాయించలేదు. ఉంగరం కంసాలి దగ్గర అతికించుకొచ్చారు, గీత కనబడుతూనే ఉంటుంది.

అల్లడం అయిపోయిన శాలువా నిజానికి నలిగిన గుడ్డపీలికలా ఉంటుంది. దాన్ని తడిపి, పిండకుండా నీరు ఒత్తి, నలుమూలలా లాగి గుండుసూదులు గుచ్చి ఆరబెడితే అప్పుడు చిల్లులు విచ్చుకుని లేసు తేలుతుంది. షెట్లాండ్‌లో దీనికి చెక్క చట్రాలున్నాయి. ఇక్కడ బాబాయిగారి పరుపు ఉంది. చలిదేశాల్లో రోజులు పట్టే పని మన మే నెలలో ఫ్యాను కింద గంటన్నరలో పూర్తవుతుంది. హైదరాబాదు ఎండని మెచ్చుకోగా నేను విన్నది ఈవిడ నోటే. గుండుసూదులు లెక్కపెట్టి తీసేస్తారు. ఒకటి ఎప్పుడూ తగ్గుతుంది. అది ఎక్కడుందో రాత్రి తెలుస్తుంది.

మన తెలుగువాళ్ళకి శాలువా చలికి కాదు, సన్మానానికి. సభలో మెడమీద పడి, ఇంటికొచ్చి బీరువాలో ముడుచుకుని, ఇంకో సభలో ఇంకో మెడమీద పడుతూ ఒకే శాలువా ఎంతమంది మహానుభావుల్ని తయారుచేస్తుందో. అపార్టుమెంటు సంఘం వాళ్ళు వార్షికోత్సవానికి వస్తున్న స్థానిక నాయకుడికి పిన్నిగారి శాలువా కప్పుదామని వచ్చారు. "ఆయన మనకేం చేశాడు?" అని పిన్నిగారు అడిగారు. మలుపులో వీధిదీపం వేయించాడన్నారు. "అది వెలుగుతోందా?" అన్నారు. అప్పుడప్పుడూ అన్నారు. "ఇది అల్లడానికి అయిదు నెలలు పట్టింది నాయనా. ఆ దీపానికి అరడజను వరుసలు కూడా చెల్లవు" అని కుట్లు లెక్కపెట్టుకోవడంలో పడ్డారు. నాయకుడికి బజారు జరీ శాలువా కప్పారు. పిన్నిగారిది ఆ నెల కాన్పయిన వాచ్‌మన్ కూతురికి వెళ్ళింది, "వాషింగు మిషన్లో వెయ్యకు" అన్న ఒక్క షరతుతో. ఇదే షరతు తప్పిన నాలుగో అంతస్తు వాళ్ళ శాలువా ఇప్పుడు వాళ్ళ పాప బొమ్మకి సరిపోతోంది.

కాబట్టి లిఫ్టులో ముడిలో సూదితో ఎవరైనా ఎదురుపడితే "బావుందండీ" అని ఊరుకోండి. "ఎలా అల్లారండీ?" అని మాత్రం అడక్కండి. అడిగేశారా, ఇక సూదులు కొనుక్కోండి. నాలుగు మిల్లీమీటర్లవి, వెదురువి తీసుకోండి; స్టీలు వాటి మీద కొత్తచేతికి కుట్లు జారతాయి. ఊలు లేతరంగుది చూసుకోండి, నలుపులో కుట్లు కనబడవు. గురువారం సాయంత్రం నాలుగింటికి సెల్లారులో. కుర్చీ మీదే తెచ్చుకోవాలి.