పన్నెండో నంబరు

మా బడి టూరంటే అంతకుముందు రెండే. నేలపట్టు పోయి గూడబాతుల్ని చూసి రావడం, లేకపోతే సూళ్లూరుపేట మీదుగా షార్‌కి పోయి రావడం. పొద్దున పులిహోర పొట్లాలతో బయల్దేరితే దీపాలు పెట్టేవేళకి మళ్లీ నాయుడుపేటలో ఉంటాం.

2023 సెప్టెంబరులో మన రాష్ట్రంలోని ప్రభుత్వ బడుల పిల్లలు పదిమంది న్యూయార్క్ వెళ్లి ఐక్యరాజ్యసమితి చూసొచ్చారు. పేపర్లో ఆ ఫొటో చూసిన నాటినుంచి మా కరస్పాండెంటుగారికి నిద్ర పట్టలేదు. ఫీజు లేని బడి పిల్లలు అమెరికా పోతే, ఫీజు కట్టే పిల్లలు కొంగల్ని చూస్తూ కూర్చోవాలా అని ఆయన బాధ. మరుసటి ఏడు దసరా సెలవులకి సింగపూర్ అని ప్రకటించేశారు. భారం నా నెత్తిన పెట్టారు. సోషల్ చెబుతాను కాబట్టి దేశాలన్నీ నాకు తెలుసని ఆయన నమ్మకం. నేను అప్పటికి తడ దాటింది మా అత్తగారి కంటి ఆపరేషనుకి, చెన్నై దాకా.

తల్లిదండ్రుల మీటింగులో మొదటి ప్రశ్నే బియాస్ నది గురించి వచ్చింది. 2014 జూన్ 8న హైదరాబాద్ నుంచి టూరు పోయిన ఇంజినీరింగు పిల్లలు 24 మంది హిమాచల్‌లో ఆ నదిలో కొట్టుకుపోయారు. నీళ్లు తక్కువగా ఉన్నాయని ఫొటోలకి దిగారు. పైన లార్జి డ్యాం నుంచి నీళ్లు వదులుతున్న సంగతి వాళ్లకి చేరలేదు. "అట్టాంటిది జరిగితే జవాబు ఎవురు చెప్తారు సార్?" అని ఎరువుల కొట్టాయన అడిగాడు. హాలంతా నా మొహం వంక చూసింది. నేనే చెబుతానన్నాను. అనేశాక కాళ్లు వణికాయి.

ఆ తర్వాత ప్రశ్నలకి అంతు లేదు. విమానంలో పెరుగన్నం పెడతారా, హోటల్లో ఆడపిల్లల గదికి లోపల గడియ ఉంటుందా, సముద్రంలోకి దిగనిస్తారా. అందరూ అయిపోయాక వెనక వరసలోంచి ఒకామె లేచి ఒకే ఒక్క మాట అడిగింది. "ఆదివారం యాడ ఉంటారు సార్?"

టైంటేబుల్ చూసి చెప్పాను. పొద్దున లిటిల్ ఇండియాలో పెరుమాళ్ గుడి, తర్వాత జంతుప్రదర్శనశాల. ఆమె బాల్‌పెన్నుతో అరచేతిలో రాసుకుంది. ఆదివారం మొక్కేదో ఉండుంటుంది అనుకున్నాను.

ఆ రాత్రే ఒక పుస్తకం మొదలుపెట్టాను. పిల్లలు 22 మంది, మేం ముగ్గురం. ప్రతి పిల్లకీ ఒక నంబరు, ఒక జత. పేరు పెట్టి పిలిస్తే రద్దీలో వినపడదు, నంబరైతే వరస తెగినచోట వెంటనే తెలిసిపోతుంది. అందరికీ నారింజ రంగు టోపీలు. జేబులో హోటలు అడ్రసు కార్డు. వెనక పోలీసుకి 999, అంబులెన్సుకి 995. తప్పిపోతే వెతుక్కుంటూ తిరగొద్దు, ఉన్నచోటే నిలబడాలి. విజిల్ ఒకసారి ఊదితే ఆగాలి, రెండుసార్లు ఊదితే జతలుగా నా దగ్గరికి రావాలి. లెక్క పిల్లలదే, మా ముగ్గురినీ అందులో కలపకూడదని కూడా రాసుకున్నాను. పరమానందయ్య శిష్యులు ఏరు దాటాక లెక్కలో పడ్డ తికమక నేను సింగపూర్లో పడదలుచుకోలేదు.

అన్నిటికంటే గట్టి రూలు ఇంకొకటి. కొత్తవాళ్లెవరూ పిల్లల దగ్గరికి రాకూడదు. అక్కడుండే చుట్టాలు సరే, స్నేహితులు సరే, ఎవరూ వచ్చి కలవడానికి వీల్లేదు. కలిస్తే ఆ పిల్ల మిగతా రోజులు హోటలు గదిలోనే. ఇది కాగితం మీద అచ్చేసి తల్లుల చేత సంతకాలు పెట్టించాను.

కాగితాలంటే గుర్తొచ్చింది. పిల్లల్ని దేశం దాటించడం కంటే పిల్లల కాగితాల్ని ఊరు దాటించడం కష్టం. 2022 ఏప్రిల్లో మమ్మల్ని నెల్లూరు జిల్లాలోంచి తీసి తిరుపతి జిల్లాలో కలిపారు. ఆధార్ కార్డులు సగం ఇంకా పాత జిల్లాలోనే కాపురముంటున్నాయి. వాటిని సరిచేయించుకుని తిరుపతి పాస్‌పోర్టు కేంద్రానికి తిరగ్గా తిరగ్గా, ఆ గేటు దగ్గర టీకొట్టువాడికి నా చక్కెర లెక్క తెలిసిపోయింది. మైనరు పాస్‌పోర్టుకి తల్లీ తండ్రీ ఇద్దరూ అనెక్చర్ డి మీద సంతకం పెట్టాలి. ఒకరు విదేశంలో ఉంటే అక్కడి మన దేశపు ఆఫీసులో ముద్ర వేయించిన అఫిడవిట్ తెప్పించుకోవాలి. పన్నెండో నంబరు పిల్లకి అదే ఆలస్యమైంది. ఎనిమిదో తరగతి. నోట్లోంచి మాట ఊడిపడదు. "వాళ్ల నాయన ఫారిన్లో ఉండాడు సార్, పంపిస్తాడు" అని తల్లి చెప్పింది. మా వైపు ఫారిన్ అంటే ఇంకేముంది, కువైటే. వాళ్లుండేది రేకుల ఇల్లు. అయినా మొదటి వాయిదా కట్టింది వీళ్లే. ఆ కాగితం వచ్చిన రోజు ముద్ర ఉందో లేదో చూశాను. ఉంది. టిక్కు పెట్టి కవర్లో దోపాను.

బయల్దేరే సాయంత్రం బడి ఆవరణలో సంచులన్నీ విప్పించాను. కారప్పొడి, ఆవకాయ చేతిసంచీలో ఉంటే విమానం ఎక్కనివ్వరు. పవర్ బ్యాంకులు చేతిసంచీలోనే ఉండాలి, పెద్ద పెట్టెలో ఉండకూడదు. ఇక సింగపూర్ వాళ్లకి గసగసాలంటే గంజాయితో సమానం. అక్కడ నిషేధం. ఇది చెబితే తల్లులు నవ్వారు, నేను నవ్వలేదు. పన్నెండో నంబరు సంచీలో పెద్ద స్టీలు డబ్బా దొరికింది. నిండా అరిసెలు. ఒక్కోదాని మీదా గసగసాలు ఒత్తి ఉన్నాయి.

"ఐదు రోజులకి ఇన్ని అరిసెలెందుకమ్మా? తిండిపోతుదానివా?" అన్నాను. పిల్లలందరూ నవ్వారు. ఆ పిల్ల తల దించుకుంది. డబ్బా తల్లి చేతికిచ్చేశాను. ఆమె ఏదో అనబోయింది. బస్సు హారన్ మోగింది.

టూరు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. టూరు పెట్టినవాడికి అంతకంటే గొప్ప మాట ఉండదు. 22, 22, 22. మెట్రో ఎక్కేముందు, దిగాక, బాత్రూముల దగ్గర, సెంటోసాలో అరగంటకోసారి. చెట్ల మీద దీపాలు వెలుగుతున్నాయని పిల్లలు తల పైకెత్తి చూస్తుంటే నేను టోపీలు చూశాను. సింగపూర్ మొత్తం మీద నాకు బాగా గుర్తున్నది నారింజ రంగు.

ఆదివారం వచ్చింది. సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి 1855 నాటిది. తిరుపతి పక్కనుంచి వచ్చినవాళ్లం, దండం పెట్టకుండా పోతామా? కానీ ఆ వీధి గురించి ముందే చదువుకుని ఉన్నాను. వర్క్ పర్మిట్ మీద వచ్చిన కూలీలకి భార్యాబిడ్డల్ని తెచ్చుకునే వీలు లేదు. ఆదివారం సెలవు దొరికిందంటే చాలామంది అక్కడికే చేరతారు, ఇంటికి డబ్బు పంపడానికి, సరుకులకి, నలుగురిని చూడ్డానికి. 2013 డిసెంబరులో ఒక భారతీయ కార్మికుడు బస్సు కింద పడి చనిపోతే ఆ పక్క వీధిలోనే పెద్ద గొడవ జరిగింది. అంచేత విజిల్ మెళ్లో కాకుండా నోట్లోనే పెట్టుకున్నాను.

గుడి బయట చెప్పులు వేసుకుంటున్నారు. లెక్కపెడుతున్నాను. పది, పదకొండు. పన్నెండు దగ్గర వరస తెగింది.

పదడుగుల దూరంలో గోడవార ఆ పిల్ల నిలబడి ఉంది. ఎదురుగా ఒక మనిషి. వెలిసిపోయిన నీలం చొక్కా, ఎండకి మాడిన మెడ. ఒక చేతిలో ప్లాస్టిక్ సంచీ. రెండో చేత్తో ఆ పిల్ల టోపీ అంచు పైకెత్తి మొహంలోకి చూస్తున్నాడు. ఆ బొటనవేలి గోరు నల్లగా చితికిపోయి ఉంది, వేళ్ల పగుళ్లలో సిమెంటు.

గట్టిగా ఊదాను. వీధంతా తిరిగి చూసింది. పరిగెత్తుకుపోయి పిల్ల చెయ్యి పట్టి లాగి నా వెనక నిలబెట్టుకున్నాను. "నో! గో! పోలీస్!" అన్నాను. వచ్చిన ఇంగ్లీషంతా అదే. ఆ మనిషి రెండడుగులు వెనక్కి వేసి, సంచీ కింద పెట్టి, రెండు చేతులూ పైకెత్తాడు.

"ఎవరమ్మా అతను? నీకు తెలుసా?"

పిల్ల అతని వైపు చూసింది. అతను తల అడ్డంగా ఊపాడు.

"తెలీదు సార్."

అందర్నీ బస్సెక్కించాను. లెక్క 22. బస్సు కదిలేదాకా అతను ఎదుటి ఫుట్‌పాత్ మీదే నిలబడ్డాడు. పన్నెండో నంబరుని కిటికీ దగ్గర్నుంచి లేపి లోపలి సీట్లో కూర్చోబెట్టాను.

ఆ రాత్రి పుస్తకంలో రాశాను: "ఆదివారం ఉదయం 10.40. అపరిచితుడు ఒక విద్యార్థిని దగ్గరికి వచ్చి ఏదో ఇవ్వబోయాడు. సకాలంలో గుర్తించి అడ్డుకోవడమైనది. నష్టం లేదు."

తిరిగొచ్చిన వారానికి బడిలో సభ పెట్టారు. నాకు శాలువా కప్పారు. కరస్పాండెంటుగారు నా పుస్తకంలో ఆ పేజీ తీసి మైకులో చదివారు, పక్కన ఎర్ర ఇంకుతో తాను రాసిన "వెరీ గుడ్" కూడా. ఎరువుల కొట్టాయన లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. పన్నెండో నంబరు మూడో వరసలో కూర్చుని ఉంది. తను కూడా కొట్టింది.

జనం పలచబడ్డాక వాళ్లమ్మ వచ్చింది. చేతిలో అదే స్టీలు డబ్బా.

"నువ్వులే వేసినా సార్. ఈ తూరి గసగసాలు ఎయ్యలా."

"ఎందుకమ్మా ఇవన్నీ?"

"మా ఇంటాయన మరీ మరీ చెప్పినాడు సార్, సారుకి ఇచ్చి రమ్మని. ఆయన బిడ్డని చూసి మూడేళ్లయింది. దూరం నుంచి చూసి పోదామనే వచ్చినాడంట గుడికాడికి, ఆగలేకపోయినాడంట. ఈ డబ్బులు కట్టింది ఆయనే గానీ, ఆడబిడ్డని ఎవుర్ని నమ్మి అంపిస్తా ఉండావని రోజూ ఫోన్లో ఒకటే దిగులు సార్. ఇప్పుడు నిమ్మళంగా ఉండాడు." కొంగుతో డబ్బా మూత తుడిచి నా చేతిలో పెట్టింది. "'నన్నే దగ్గరికి రానీలేదే ఆ సారు, ఇంక మన బిడ్డకేం భయం లేదు' అన్నాడు."