కథకి పేరు పెట్టడం ఎలా? పడమటి ప్రకాశం రచయితలకు ఉచిత సలహాలు

ముందు పేరు పెట్టు నాయనా. కథ సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఈ పద్ధతి మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన జరిగింది. నల్లమల కింద ఒక్కోటి 18 కిలోమీటర్లు దాటిన రెండు సొరంగాలు తవ్వేలోపు ప్రభుత్వాలు వచ్చాయి, పోయాయి. 2024 మార్చిలో ప్రారంభోత్సవం కూడా అయిపోయింది. ఆ రోజుకి శ్రీశైలం నీళ్లు మార్కాపురం పొలాల మొహం చూడలేదన్నది నిజమే. అయితే ఏం? శిలాఫలకానికి ఏమైనా లోటు జరిగిందా? నీ కథకి కూడా ముందు ఫలకం పాతెయ్. తవ్వేవాళ్లు తవ్వుతారు.

పేరు దేని గురించి ఉండాలి అని కొత్తవాళ్లు అడుగుతుంటారు. కథ గురించి ఉండాలని వాళ్ల అమాయకత్వం. పేరు ఉండాల్సింది సంపాదకుడి గురించి. పడమటి ప్రకాశం నుంచి కవరు వచ్చిందంటే హైదరాబాదులో ఆయన మనసులో అప్పటికే ఒక బొమ్మ ఉంటుంది. నెర్రెలిచ్చిన నేల, ఖాళీ బిందె, మూటతో బస్సెక్కే మనిషి. ఆ బొమ్మని చెడగొట్టడం మర్యాద కాదు. కాబట్టి కరువు, బీడు, వలస, గుక్కెడు అనే మాటల్లో ఒకటైనా పేరులో పడాలి. ఫ్లోరైడ్ కూడా దూరిస్తే ప్రత్యేక సంచికకే వెళ్తుంది. నీది గిద్దలూరు బస్టాండులో ఒకబ్బాయి ఒకమ్మాయికి నిమ్మసోడా ఇప్పించిన కథ అయినా సరే, ‘గుక్కెడు ఆశ’ అని పెట్టు. కంభం చెరువు నిండి అలుగు పారిన ఏడాది జరిగిన పెళ్లి కథ అయినా సరే, ‘బీడు’ అను. రెండు కొండల మధ్య గుండ్లకమ్మకి కట్ట వేసి విజయనగర కాలంలో కట్టిన చెరువు మన దగ్గరుందనే సంగతి బయటివాళ్లకి తెలిస్తే మన కరువు కథలకి గిరాకీ పడిపోతుంది. ఆ చెరువు విషయం మన మధ్యే ఉండనీ.

మొన్న మార్కాపురం కుర్రాడొకడు కథ పట్టుకొచ్చాడు. పలకల పనిలో ఉన్న ఒక పెద్దామె కథ. క్వారీ నుంచి వచ్చిన బండని ఉలితో పొరలు పొరలుగా చీలుస్తారు. కొలతకి కోసి, అరగదీస్తారు. చివర్లో చుట్టూ చెక్క బిగించే పని ఈమెది. మూలల్లో మేకులు కొట్టి, పలక నునుపుగా ఉందో లేదో చూడ్డానికి బలపంతో అడ్డంగా ఒక గీత గీస్తుంది. అరచేత్తో తుడిచేస్తుంది. కట్టలో పెడుతుంది. జన్మంతా ఇదే. ఆమెకి చదువు రాదు. మనవడి బడిలో పలక వద్దన్నారని తెలిసిన రోజు ఆమె గీత గీసి, తుడవకుండా కాసేపు దాన్నే చూస్తూ కూర్చుంటుంది. తర్వాత తుడిచేసి పక్క పలక అందుకుంటుంది. అంతే కథ. పేరు ‘గీత’.

“ఎవరీ గీత? కథలో ఆ పేరుతో మనిషే లేదే?” అన్నాను. 

కుర్రాడు నోరు తెరిచాడు గానీ నేను ఆగలేదు. కలం తీసుకుని ‘రాతి గుండెపై రాలిన కన్నీటి అక్షరం…!’ అని రాసిచ్చాను. 

“ఆమె ఏడవదు కదా సార్” అన్నాడు. 

“ఏడిపించు” అన్నాను.

వాడు మళ్లీ రాలేదు. ఇప్పటి పిల్లలకి ఓపిక లేదు.

అసలు చిన్న పేర్ల జబ్బు మనకి పెద్దవాళ్ల దగ్గర్నుంచే అంటుకుంది. గురజాడ 1910లో ‘దిద్దుబాటు’ అని పెట్టాడు. ఎవరు దిద్దారు, ఎవర్ని దిద్దారు, ఎందుకు దిద్దారు? ఏమీ చెప్పడు. ‘సాని పాటలకి మరిగిన గోపాలరావుకి భార్య కమలిని బుద్ధి చెప్పిన వైనం’ అనుంటే చదివేవాడికి ఎంత సమయం కలిసొచ్చేది! శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి మరీ అన్యాయం. చదరంగం ఆట కథకి ‘వడ్లగింజలు’ అని పేరు. వ్యవసాయ శాఖ వాళ్లు కొనుక్కుంటే ఆ పాపం ఎవరిది? పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’కి న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పోటీలో రెండో బహుమతి వచ్చిందని లోకమంతా సంబరపడింది. నాకు మాత్రం దిగులే. పేరులో కాస్త దమ్ముంటే మొదటి బహుమతే వచ్చేది కాదూ? ‘తుపాను రాత్రి తలకిందులైన విలువలు’ అని ఉండుంటే ఆ అమెరికావాళ్లు లేచి నిలబడేవాళ్లు.

కేశవరెడ్డిది ఇంకో రకం మోసం. ‘అతడు అడవిని జయించాడు’ అని పైన రాశాడు. సరే, ముసలాయన గెలిచాడు గదా అని ధైర్యంగా లోపలికి వెళ్తాం. ఈనబోయే పందిని వెతుక్కుంటూ ఆయన అడవిలోకి వెళ్తాడు. చివరికి ఆయన చేతిలో ఏం మిగిలిందో చదివాక, పుస్తకం మూసి మళ్లీ అట్ట మీద పేరు చూసుకోవాల్సి వస్తుంది. ఒక పేరుని పాఠకుడు రెండుసార్లు చదవాల్సి రావడం ఎంత శ్రమ! నువ్వు అలాంటి పనులు చెయ్యకు. ముగింపు ఏదైతే అదే పేరుగా పెట్టు. ‘చివరికి వీరయ్య బోరు ఎండిపోయింది’. ఇంక కథ చదవక్కర్లేదు, ఎంత హాయి.

ఊరి పేరు జోలికి పోవద్దు. తర్లుపాడు, కొమరోలు, అర్ధవీడు అని రాస్తే ఎవరికి తెలుస్తుంది? వంశీ పసలపూడి అన్నాడు, ఖదీర్‌బాబు దర్గామిట్ట అన్నాడు, నామిని మిట్టూరన్నాడు అని నాతో వాదించేవాళ్లున్నారు. వాళ్లకేం, అవి పేరున్న ఊళ్లు. కథలు రాకముందు నుంచే వాటికి ఆ పేరుండేదని నా గట్టి నమ్మకం.

చుక్కల గురించి రెండు మాటలు. పేరు చివర మూడు చుక్కలు పెడితే లోతు వస్తుంది. ఆరు పెడితే ఇంకా లోతు. ఆశ్చర్యార్థకం కూడా తగిలిస్తే కథలో ఆశ్చర్యం లేకపోయినా లెక్క సరిపోతుంది.

ఒక్క పేరు తేలకపోతే రెండు పెట్టు. వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’కి ‘వివేకచంద్రిక’ అని ఇంకో పేరుంది. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’కి ‘సంగవిజయము’ అని ఉంది. జనం ‘మాలపల్లి’ అనే పిలుస్తారు, ఆ రెండోది పరీక్షల్లో మార్కులకి పనికొస్తుంది. అయినా పెద్దలు రెండు పెట్టారు కాబట్టి నువ్వు మూడు పెట్టు. వాట్సాప్ గ్రూపులో ఓటింగు పెట్టి, ఎవరి మనసూ నొచ్చుకోకుండా వచ్చిన పేర్లన్నీ కలిపేసుకోవచ్చు కూడా.

అచ్చయ్యాక పేరు మార్చడానికీ వెనకాడకు. మనకంటే అలవాటున్నవాళ్లెవరు? మార్కాపురం, గిద్దలూరు 1970 దాకా కర్నూలు జిల్లా. ఆ ఏడాది కొత్తగా పుట్టిన ఒంగోలు జిల్లాలోకి వచ్చాం. 1972లో టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు, ప్రకాశం జిల్లావాళ్లమయ్యాం. 2025 ఆఖర్లో మార్కాపురం జిల్లా అన్నారు. బోర్డులన్నీ మళ్లీ రాయించారు, పెయింటర్లకి చేతినిండా పని. ట్యాంకరు కోసం బిందెల వరసలో నిలబడ్డ మనిషికి ఇవన్నీ తెలిశాయా అన్నది వేరే కథ. దానికి పేరు కుదరక నేను రాయలేదు.

ఇంత చెప్పినా నీకు పేరు తట్టకపోతే మా ఇంటికి రా. నా దగ్గర నోటుబుక్కు నిండా ఉన్నాయి. ‘నల్లమల నవ్విన వేళ’, ‘బీడులో విరిసిన బలపం’, ‘దోర్నాల దారిలో దారితప్పిన మేఘం…’. అన్నీ వాడనివే. కథ మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. ‘గుండ్లకమ్మ సాక్షిగా…!’ ఒక్కటి అడగొద్దు. అది మా వీధిలో రిటైరైన హెడ్మాస్టరు గారు ఎప్పుడో చెప్పి పెట్టుకున్నారు. శాలువాకి కూడా కొలతలిచ్చేశారు.