పులుసు ఐసు

ఐస్‌క్రీముకు కావలసిన సరంజామా మా నెల్లూరు తీరంలో ఎప్పటినుంచో ఉంది. ఇస్కపల్లి వైపు పోతే ఉప్పుమళ్లు. ఐసులో ఉప్పు కలిస్తే చలవ సున్నా డిగ్రీలు దాటి కిందికి దిగుతుంది. చేత్తో మిషను తిప్పి ఐస్‌క్రీం చేసే పనిలో కిటుకంతా అదే. ఇక ఐసంటారా, లారీల కొద్దీ. కాకపోతే అది రొయ్యల కోసం. చెరువులోంచి తీసిన రొయ్యను తీసినట్టే ఐసులో పడుకోబెట్టి సాగనంపుతారు. మైపాడు బీచిలో ఎండకు మాడే మనిషికి ఆ మర్యాద లేదు. సేమియా ఐసు కొనుక్కుని, అది మోచేతికి కారేలోపు చప్పరించుకోవడమే.

అందుకే టౌనులో వింత రుచుల ఐస్‌క్రీం పార్లరు తెరిచారనగానే ఇంటిల్లిపాదీ కదిలాం. మా మేనత్త బోర్డు చదివింది. పచ్చిమిర్చి, జామకాయ ఉప్పుకారం, తమలపాకు.

"ఏందబ్బయా, ఇది ఐస్‌క్రీం అంగడా, ఊరగాయల అంగడా?"

పచ్చిమిర్చిది ఒక చెంచా నోట్లో వేసుకుని తీర్పు చెప్పింది: "కారం చాల్లా."

నిజానికి తప్పు మిరపకాయది కాదు. చలవ, పాలు రెండూ ఏకమై దాని పొగరు అణిచేస్తాయి. చల్లటి నాలుకకు తీపీ సరిగ్గా ఆనదు. కరిగిపోయిన ఐస్‌క్రీం తాగి చూడండి, ఎంత చక్కెర పోశారో తెలుస్తుంది. ఇదంతా అత్తకు వివరించాను. "అయితే ఇంకో నాలుగు కాయలు నూరమను" అంది.

ఈ సాహసాలు మనవాళ్లే మొదలెట్టారనుకోకండి. అమెరికాలో మేరీ రాండల్ఫ్ అనే ఆవిడ 1824లోనే ఆల్చిప్పల పులుసును గడ్డకట్టించే విధానం వంటపుస్తకంలో అచ్చేయించింది. వెనెజువెలాలోని మెరీదా ఊళ్లో కొరొమోతో అనే పార్లరు 800కు పైగా రుచులతో గిన్నిస్ పుస్తకం ఎక్కింది. ఆ రుచుల్లో వెల్లుల్లి ఉండేది, చేప కూడా ఉండేది. అన్నిటికన్నా నాకు నచ్చిన తెలివి మంగళూరు వైపు నుంచి వెళ్లిన పళ్ల వ్యాపారి కొడుకు రఘునందన్ కామత్‌ది. 1984లో బొంబాయి జుహూలో 'నేచురల్స్' తెరిచినప్పుడు ఐస్‌క్రీంతో పాటు ఘాటైన పావ్ భాజీ కూడా అమ్మాడు. నోరు మండినవాడు ఐస్‌క్రీం అడక్క చస్తాడా! మన కారం దోసె ముందు పావ్ భాజీ ఎంత? పెట్టుబడి పెట్టేవాళ్లెవరైనా ఆలోచించాలి.

ఇంటికొస్తూ అసలు సంగతి నేనే కదిపాను. నెల్లూరు చేపల పులుసు వండిన పూట కన్నా మర్నాడు బాగుంటుందని అందరూ ఒప్పుకునేదే. మా అత్త పొద్దున్నే చల్లటి పులుసు వేడి ఇడ్లీలో పోసుకుంటుంది. అంటే పులుసు సగం దూరం ఎప్పుడో నడిచేసింది. మరి కాస్త చల్లబరిస్తే ఐస్‌క్రీమే కదా?

తిడతారనుకున్నాను. అత్త కాసేపు ఆలోచించి, "మామిడికాయ ముక్క గడ్డకడితే పళ్లు ఊడతాయి, గుజ్జు చేసి కలపాల" అంది. మా ఆవిడ కొరమేనంది. వంజరమైతే ముల్లు తక్కువ, పిల్లలు చప్పరించడానికి బాగుంటుందని బాబాయి. చెరువు చేపను పులుసులో వేసేవాళ్లతో తనకు మాటల్లేవని అత్త. ఇల్లు చేరేసరికి ముగ్గురూ మూడు ఆటోల్లో పోయేంత వరకు వచ్చింది వ్యవహారం.