బిట్‌కాయిన్ కుంపటి

విన్నిపెగ్, కెనడా
2025 ఫిబ్రవరి

బాబాయ్,

నువ్వు పంపిన వాయిస్ మెసేజీలు వరసగా విన్నాను. మొదటిదాంట్లో పిల్ల బాగుందా అన్నావు, రెండోదాంట్లో మిర్చి రేటు పడిపోయిందన్నావు, మూడోదాంట్లో అసలు సంగతికొచ్చావు. "అబ్బాయ్, నువ్వేదో మిషను కొన్నావంట, అది రాత్రీ పగలూ డబ్బు చేసిద్దంట, నాకూ ఒకటి పంపు, బోరు షెడ్డులో పెడతా, కరెంటు ఎట్టాగూ ఫ్రీయే గదా" అని. ఫోన్లో చెబితే ప్రతి మాటకీ అడ్డం తగిలి "ఎంత మిగులుద్ది" అంటావు కాబట్టి కాగితం మీద రాస్తున్నా. పిన్ని చేత చదివించుకో. ఆమె అయితే నీకు నచ్చని ముక్క దాటెయ్యకుండా చదువుతుంది.

ఈ కబురు నీదాకా మోసింది ఎవరో నాకు తెలుసు. అమ్మ. ఫోన్లో మోత వినపడి "ఏందిరా, రైసుమిల్లు పక్కన ఇల్లు తీసుకున్నావా" అంది. కాదమ్మా, బిట్‌కాయిన్ మిషను అన్నాను. ఆ కాయినెంత అని అడిగింది. మొన్న డిసెంబరులో లక్ష అమెరికా డాలర్లు దాటింది, మన డబ్బులో 85 లక్షలకి అటూ ఇటూ అన్నాను. ఆ తర్వాత నేను చెప్పిందేదీ ఆమె చెవిన పడలేదు. సాయంత్రానికి గురజాలలో నా దగ్గర 85 లక్షల మిషను ఉంది. ఆ మాట మాచర్ల చేరేసరికి మిషన్లు రెండైనాయి. నరసరావుపేటలో ఎవరో పెద్దమనిషి నా సంబంధం గురించి వాకబు చేశాడంట. నాకు పెళ్లయింది, పిల్ల బడికి పోతోందని ఆయనకి ఎవరన్నా మెల్లగా చెప్పండి.

ఆ మిషను నోట్లు అచ్చెయ్యదు బాబాయ్. అంకెలు వేసి చూస్తుంది. ఒకటి వేస్తుంది, కుదరదు. ఇంకోటి వేస్తుంది, అదీ కుదరదు. నాది సెకనుకి 13.5 లక్షల కోట్లసార్లు ఇట్టా వేసి చూస్తుంది. ప్రపంచం మొత్తం మీద ఇదే పనిలో ఉన్న మిషన్లన్నిట్లో, దాదాపు పది నిమిషాలకోసారి ఎవరో ఒకరికి తగులుతుంది. తగిలినవాడికి బహుమానం. 2009లో మొదలైనప్పుడు 50 కాయిన్లు ఇచ్చేవాళ్లు. నాలుగేళ్లకోసారి సగానికి కోస్తూ వచ్చి, కిందటి ఏప్రిల్ నుంచి 3.125 ఇస్తున్నారు. మొత్తం 2 కోట్ల 10 లక్షల కాయిన్లకు మించి రావని ముందే కట్టడి. దీన్ని కనిపెట్టినవాడి పేరు సతోషి నకమోటో అంటారు గానీ ఆ మనిషెవరో ఇప్పటికీ తేలలేదు. ఊరూ ఇంటిపేరూ తెలియనివాడి దగ్గర నువ్వు గొర్రెపిల్లను కూడా కొనవు, నాకు తెలుసు.

నా ఒక్క మిషనే కూర్చుని ప్రయత్నిస్తే ఎన్నాళ్లకి తగులుద్దో లెక్కేశా. సగటున వెయ్యేళ్ల పైమాట. పల్నాటి యుద్ధం 1182లో అంటారు గదా. దానికి దారితీసిన పందెంలో నాగమ్మా బ్రహ్మనాయుడూ కోడిపుంజుల్ని దించిన నాడు ఎవరన్నా స్విచ్ వేసుంటే, ఇప్పటికీ "ఇంకొంచెం ఆగండి" అంటూ తిరుగుతూ ఉండేది. అందుకని నాలాంటివాళ్లంతా ఒక పూల్‌లో చేరతాం. ఎవరికి తగిలినా అందరికీ పంచుతారు. చాపకూడు లాంటిదనుకోబోకు. బ్రహ్మనాయుడి చాప మీద కూర్చున్నవాళ్లందరికీ ఒకటే కూడు, ఇక్కడ మాత్రం ఎవరి మిషను ఎన్ని అంకెలు వేస్తే వాడికి అన్ని మెతుకులు. నాకు రాలేది ఎంతో చివర్లో చెబుతా. ఇప్పుడే చెబితే నువ్వు ఉత్తరం మడిచేస్తావు.

కొన్న కథ చెప్పాలి. మా ఊరికి గంట దూరంలో బంగాళాదుంపల రైతు ఒకాయన ఉన్నాడు. దుంపలు నిలవ చేసే షెడ్డులో ఒక మూల ఈ మిషన్లు పెట్టి నడిపాడు. కరెంటు ఇక్కడ చవక, యూనిట్టు దాదాపు పది సెంట్లు, దాదాపు అంతా నదుల మీద ఆనకట్టలు కట్టి తీసేదే. ఈ సంగతి లోకానికంతా తెలిసి తలా ఒక అర్జీ పెట్టారు. 2022 నవంబరులో మా మానిటోబా రాష్ట్ర ప్రభుత్వం చూసుకుంటే, పదిహేడు మంది కలిసి 371 మెగావాట్లు అడుగుతున్నారు. మన సాగర్ కుడికాలువ పవర్‌హౌస్ మొత్తం 90 మెగావాట్లు గదా, అట్టాంటివి నాలుగు కట్టి అంకెలు వేసుకునేవాళ్లకి ఇవ్వాలన్నమాట. ప్రభుత్వం ససేమిరా అని కొత్త కనెక్షన్లు ఆపేసింది. మా దుంపలాయన పెద్దగా పెట్టాలనుకున్నవాడల్లా ఆగిపోయాడు. ఈలోపు బహుమానం సగమైంది. ఇక అమ్మకానికి పెట్టాడు.

నేను తీసుకున్నది యాంట్‌మైనర్ ఎస్9. 2016లో వచ్చినప్పుడు దీనిదే రాజ్యం. ఇప్పటి ఎస్21 వచ్చాక, అది ఒక రూపాయి కరెంటుతో చేసే పనికి దీనికి దాదాపు ఆరు రూపాయలు పడుతుంది. అందుకే పాత ఇనుము ధరకి దొరుకుతుంది. పోగానే ఆయన అన్న మొదటి మాట, "ఒక్క చలికాలమే వాడాను." పాత ట్రాక్టరు అమ్మే ప్రతివాడూ "ఒక్క సీజనే దున్నాను" అంటాడు చూడు, ఆ గొంతే. మూత తీయించా. లోపల దుంపల మట్టి, దాని కింద ఎలుక కట్టుకున్న గూడు. ఎలుక తెలివైనది బాబాయ్, మైనస్ ముప్పైలో వెచ్చటి చోటు ఎక్కడుందో కనిపెట్టింది.

ఫోటోలు కాదు, నడిపి చూపించమన్నా. చిన్న అమ్మకందారు దగ్గర కొనేటప్పుడు అడగాల్సింది అదొక్కటే. దీంట్లో మూడు బోర్డులు, బోర్డుకి 63 చిప్పులు. కంప్యూటరులో తెరిస్తే బతికున్న చిప్పు దగ్గర సున్నా, చచ్చినదాని దగ్గర ఇంటూ గుర్తు పడుతుంది. రెండు బోర్డులు బాగున్నాయి. మూడోది మొత్తం ఇంటూలే, పంతులు ఎర్ర ఇంకు పోసినట్టు. "చలికి ముడుచుకుంది, వేడెక్కితే లేస్తుంది" అన్నాడాయన. వేడెక్కేదాకా నిలబడ్డాం, లేవలేదు. గుంటూరు యార్డులో తాలుకాయ ఉందని, తేమ ఉందని మన బస్తాకి ధర కోసేవాళ్లని నీ పక్కన నిలబడి చూసినవాణ్ణి గదా, ఆ విద్య ఇన్నాళ్లకి నాకు అక్కరకొచ్చింది. ఒక్క మాట అనలేదు. ఆ బోర్డుకేసి చూసి తల అడ్డంగా ఊపి, జేబులో చేతులు పెట్టుకుని కారువైపు నాలుగడుగులు వేశా. వెనక నుంచి కేక. ఇంకో మిషనులోంచి మంచి బోర్డు తీసి బిగించాడు, ధర తగ్గించాడు, కొసరు కింద ఒక బస్తా దుంపలు కారులో పడేశాడు. గ్యారంటీ ఏంటంటే "నా ఇల్లు ఇక్కడే ఉంటుందిగా" అన్నాడు.

పెద్ద కంపెనీ దగ్గర కొంటే పోలా అంటావేమో. అమెరికాలో కాన్సస్ వైపు బటర్‌ఫ్లై ల్యాబ్స్ అని ఒకటుండేది. 2012 నుంచి ముందే డబ్బు కట్టించుకుని మిషన్లు నెలల తరబడి పంపలేదు. 2014 సెప్టెంబరులో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కోర్టుకెళ్లి మూయించింది. జనం డబ్బుతో తయారైన మిషన్లని వాళ్లకి పంపేముందు సొంతానికి నడుపుకున్నారనేది ఒక అభియోగం. మా దుంపలాయన చేతిలో డబ్బు పడ్డ మరుక్షణం మిషను నా కారులో ఉంది, ఎలుక గూడుతో సహా.

ఇంటికి తెచ్చాక అసలు తంతు మొదలైంది. ఇక్కడ ఇళ్లల్లో ప్లగ్గులకి వచ్చేది 120 వోల్టులే. మిషను నిండుగా నడవాలంటే 240 కావాలి. ఇంట్లో 240 వచ్చే ప్లగ్గు కింద సెల్లారులో ఒక్కటే ఉంది, బట్టలు ఆరబెట్టే డ్రయ్యరుది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి సరిచేయించి, డ్రయ్యరు తీసి మిషను పెట్టా. మీ కోడలు ఆఫీసు నుంచి వచ్చి, తడిబట్టల బుట్టతో కిందికి దిగి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. బాబాయ్, మన ఇంటి ఆడవాళ్లు మాట్లాడకపోతే ఎట్టా ఉంటదో నీకు నేను చెప్పక్కర్లేదు.

నన్ను కాపాడింది ఆ మిషను వెనక నుంచి కొట్టే వేడిగాలే. దండెం కట్టి బట్టలు దాని ముందు వేశా. డ్రయ్యరుకన్నా తొందరగా ఆరినాయి. రెండో వారానికి దండెం కింద పళ్లెం చేరింది, పళ్లెంలో సగ్గుబియ్యం వడియాలు. ఆ తర్వాత గుమ్మడి వడియాలు. బయట మోకాలి లోతు మంచు, సెల్లారులో మన మిద్దె మీది మే నెల. ఇదేదో మేమే కనిపెట్టామనుకోబోకు. నార్వేలో హోనెఫాస్ అనే చోట ఒక కంపెనీ ఇట్టాంటి మిషన్ల వేడితోనే కట్టెలు ఆరబెట్టింది. వడియాలదాకా మాత్రం వాళ్ల బుద్ధి పోలేదు.

మోత మాత్రం ఎక్కువ. రెండు ఫాన్లు ఆగకుండా గోల పెడతాయి. సెల్లారులో ఇద్దరం మాట్లాడుకోవాలంటే వాట్సాప్ చేసుకోవాలి. పిల్ల దానికి "ఏడుపు డబ్బా" అని పేరు పెట్టింది.

ఇక నీ ప్రశ్న. 1350 వాట్లు, రోజుకి 32 యూనిట్లు పైన, నెలకి 970. బిల్లు 97 కెనడా డాలర్లు. పూల్ నుంచి నాకు రాలేది ముప్పై డాలర్ల చుట్టుపక్కల, అంటే మన 1,800 రూపాయలు. ఆగు, ఉత్తరం మడవబోకు. ఈ సెల్లారులో ఇంతకుముందు గోడకి బిగించిన కరెంటు హీటరు ఉండేది. అది కూడా అన్నే యూనిట్లు తాగేది, వేడి తప్ప ఒక్క పైసా ఇచ్చేది కాదు. ఒక యూనిట్టు కరెంటు హీటరులో కాలినా, అంకెల మిషనులో కాలినా పుట్టే వేడి సమానమే. చలికాలం ఎట్టాగూ కాల్చాల్సిన కరెంటులో మూడో వంతు వెనక్కిచ్చే కుంపటి ఇది. నేను కొన్నది కుంపటే. ఏప్రిల్ దాటితే కట్టేసి గుడ్డ కప్పేస్తా, డ్రయ్యరు మళ్లీ దాని చోటికి వస్తుంది. ఈ షరతు మీ కోడలిది.

ఇప్పుడు నువ్వు కుంపటి కొని రెంటచింతల పక్కన పెడతానంటున్నావు. రాష్ట్రంలో ఎండలు ఎక్కువెక్కడ అంటే పేపరువాడు ముందు రాసే ఊరు అది. ఈ మిషను పీల్చే గాలి 40 డిగ్రీలు దాటకూడదని కంపెనీవాడే రాశాడు. మన మే నెలలో 45 దగ్గర పొద్దున పదికే అది పని మానేసి కూర్చుంటుంది, నీలాగే. ఏసీ పెడతావా, ఆ కరెంటు వేరే.

బోరు కరెంటు ఫ్రీ అంటావు. తొమ్మిది గంటల ఉచితం మోటారుకి, సేద్యానికి. ఇంకో పనికి వాడితే 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ కింద అది దొంగతనం లెక్కే. లైన్‌మన్ నీ చుట్టమేగానీ, స్క్వాడ్ వాళ్లు చుట్టాలు కారు. పోనీ ఇంటి మీటరుకి తగిలిస్తే, 970 యూనిట్లకి మన శ్లాబుల ప్రకారం ఎనిమిది వేల పైన పడుతుంది. చివరి శ్లాబు యూనిట్టు 9.75 గదా, సర్దుబాటు చార్జీలు ఇంకా మీద. 1,800 కోసం ఎనిమిది వేలు! ఆ 1,800 మీద కూడా 30 శాతం పన్ను, 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఈ మిషన్ల ఏర్పాట్లకి పెట్టిన ఖర్చు తీసేస్తామంటే కుదరదని ఆ ఏడాదే పార్లమెంటులో చెప్పారు. అమ్మేటప్పుడు ఒక శాతం ముందే కోత. నష్టం వస్తే నీది, లాభంలో మాత్రం వాళ్లకి వాటా. మన వోల్టేజి 230 కాబట్టి డ్రయ్యరు గొడవ లేకుండా నేరుగా తగిలించుకోవచ్చు. మన ఊరికున్న సదుపాయం అదొక్కటే.

ప్రభ జనరేటరు సంగతి అడిగావు. తిరునాళ్లు అయిపోయాక జనరేటరు ఊరికే ఉంటది గదా అని. డీజిలు ధర ఒకసారి అడిగి చూడు. ఆ జనరేటరుని కోటప్పకొండ దాకా ప్రభతోపాటు పోనీ, ఈ 26న శివరాత్రికి లైట్లు వెలిగించనీ. నాకు వీడియో పంపు, మోత నీ వైపు కూడా ఉంటది కాబట్టి ఇద్దరం సమానం.

ఇంకోటి. నీ ఫోనుకి వచ్చిన ఆ లింకు నొక్కబోకు. మిషను మా దగ్గరే ఉంటది, నువ్వు డబ్బు కడితే చాలు అనేవాళ్లు ఉన్నారే, వాళ్లకి అసలు మిషనే ఉండదు. హెచ్‌పీజెడ్ టోకెన్ అని ఒక యాప్ 57,000 కడితే రోజుకి 4,000 చొప్పున మూణ్ణెల్లు ఇస్తామంది, ఇప్పుడది ఈడీ కేసు. అంతకుముందు గెయిన్‌బిట్‌కాయిన్ నెలకి పది శాతం చొప్పున 18 నెలలు అంది, అదీ కేసే. నా మిషనుకి ఎలుక గూడన్నా ఉంది.

పిన్నికి ఒక పని. ఊరమిరపకాయలు వేద్దామనుకుంటున్నాం, ఇక్కడి దుకాణంలో లావు పచ్చిమిర్చి దొరికినాయి. రాత్రి మజ్జిగలో నానేసి పగలు ఎండబెట్టాలని అమ్మ చెప్పింది. ఈ మిషనుకి రాత్రీ పగలూ లేదు, పొద్దుగూకదు, తెల్లవారదు. మరి కాయల్ని ఎన్ని గంటలకోసారి మజ్జిగలోకి మార్చాలో కనుక్కుని చెప్పు. వాము వెయ్యాలా వద్దా అనేది కూడా.

ఇట్లు,
నీ అన్న కొడుకు